అంచు మడతలో ముద్ర

"ఆ అటక మీది పెట్టె దించి కింద పెట్టవే. ఏదో ఒకరోజు ఎవరి నెత్తినో పడుతుంది" అన్నాను.

మా అమ్మాయి జడ అల్లుకుంటూ అద్దంలోంచే నన్ను చూసింది. "ఆ పెట్టె నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉందమ్మా. ముప్పై రెండేళ్ళలో ఒక్కరి నెత్తిన కూడా పడలేదు."

"పడేదాకా అందరూ అలాగే అంటారు."

"సరే తల్లీ, సాయంత్రం వచ్చి దించుతా. ఇప్పుడు షిఫ్టుకి ఆలస్యమవుతోంది."

ఒక చెప్పు తొడుక్కుని రెండోది మంచం కింద వెతుక్కుంటుండగా నేల కదిలింది. ముందు గిన్నెలు గలగలమన్నాయి. తరువాత గోడలోంచి బండి వెళ్ళినట్టు ఒక మోత. నేను మా అమ్మాయి జడ పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాను. మేము గడప దాటామో లేదో, పెట్టె దబ్బున పడింది. నా జన్మలో నేను భయపడ్డవాటిలో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది అదొక్కటే. "చూశావా?" అనబోయి మా అమ్మాయి ముఖం చూసి నోరు మూసుకున్నాను.

మా ఊళ్ళో గోడలు బీటలు వారాయి, రెండు పిట్టగోడలు కూలాయి, అంతే. ఏటికి అవతలే ఘోరం జరిగింది. రెండు పట్టణాలు నేలమట్టమయ్యాయని రేడియోలో చెప్పారు. ఏటికి అవతలిది వేరే దేశం. వాళ్ళదీ మనదీ ఒకటే మాట, యాసే వేరు. అయినా నేను పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ రెండు దేశాలకీ ఉప్పూ నిప్పే. రెండుసార్లు యుద్ధం కూడా జరిగింది. రెండో యుద్ధంలో మా మరిది కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

నేనూ, మా అమ్మాయీ, మా మరిదీ ముగ్గురం ఒకేచోట పనిచేస్తాం. అది గుడారాలు కుట్టే కర్మాగారం. మా అమ్మాయి సూపర్‌వైజరు. మరిది గేటు దగ్గర కాపలా. నాది చివరి బల్ల. కుట్టు పూర్తయి వచ్చిన గుడారానికి వేలాడే దారాలు కత్తిరించి, మడిచి, తాడు బిగించి మూట కట్టాలి. మేము కుట్టేవన్నీ ప్రభుత్వానికే వెళ్తాయి కాబట్టి ప్రతి గుడారానికీ తలుపు పైన జానెడు రాజముద్ర గుడ్డ నాలుగువైపులా కుట్టి ఉంటుంది. ఆ ముద్రని చింపినా, తొలగించినా, మలినం చేసినా జైలు అని ఎర్ర అక్షరాల బోర్డు ఒకటి నా బల్లకి సరిగ్గా ఎదురుగోడ మీద ఉంది. నేను చదివింది ఏడో తరగతే అయినా ఆ బోర్డు మాత్రం పదకొండేళ్ళుగా రోజూ చదువుతున్నాను.

భూకంపం వచ్చిన మూడోరోజు మేనేజరు మమ్మల్నందరినీ పిలిచాడు. గోడౌనులో ఉన్న మూడు వందల పన్నెండు గుడారాలూ ఏటి అవతలికి పంపుతున్నామన్నాడు.

"మంచి పనే కదా, దానికి మొహం మాడ్చుకోవడం దేనికి?" అంది రింగులావిడ. తాళ్ళు దూర్చే కన్నాలకి ఇత్తడి రింగులు బిగించే ఆవిడకి మేనేజరన్నా, మేనేజరు మీద మేనేజరన్నా ఒకటే లెక్క.

"మన ముద్ర ఉంటే వాళ్ళు తీసుకోరట. తీసేసి పంపాలి."

"చలికి వణికేవాడు తలుపు మీద ఏం బొమ్మ ఉందో చూస్తాడా?"

"వాడు చూడడమ్మా. వాడి ప్రభుత్వం చూస్తుంది."

"తియ్యమని కాగితం వచ్చిందాండీ?" అని అడిగాను.

"ఫోనులో చెప్పారు. కాగితం తరువాత వస్తుంది."

"తరువాతంటే?"

"అంటే... గుడారాలు వెళ్ళాక."

"వెళ్ళాక రాకపోతే?"

"మీరొకరు! కాగితం కోసం కూర్చుంటే అక్కడ మనుషులు పోతారు" అంటూ ఆయన రిజిస్టరు తెరిచి మా అమ్మాయి ముందుకి తోశాడు. అందులో 'ముద్రలు తొలగించినవి 312, తొలగింపజేసినవారు' అని ఉంది. పక్కన గీత. ఆ గీత మీద ఆయన పేరెందుకు ఉండకూడదో ఎవరూ అడగలేదు. నేను మా అమ్మాయి కాలు తొక్కాను. ఆమె కాలు వెనక్కి తీసుకుని సంతకం పెట్టేసింది.

విప్పడం దగ్గర మళ్ళీ పేచీ. ఎనిమిదిమంది చేతులు కట్టుకుని పక్కకి నిలబడ్డారు. మా తమ్ముణ్ణి చంపినవాళ్ళకా అని ఒకామె, మన ముద్ర పనికిరానివాళ్ళకి మన గుడారం మాత్రం ఎందుకని ఇంకొకామె. మా అమ్మాయి ఎవరినీ ఒక్క మాట అనలేదు. "విప్పలేనివాళ్ళు మడవండి. మడవలేనివాళ్ళు ఇంటికెళ్ళండి. హాజరు వేస్తా" అంది. ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు. మా మరిది గేటు దగ్గర నుంచి వచ్చి, "ముద్ర మీద నేను చెయ్యి వెయ్యను. మూటలు మోస్తాను" అన్నాడు. "ఎనిమిది వేళ్ళతోనా?" అంది రింగులావిడ. "వీపుతో" అన్నాడు.

మర్నాడు పొద్దుటి నుంచీ బ్లేడ్లతో కుట్లు విప్పుతూనే ఉన్నారు. విప్పిన ముద్రలన్నీ తెచ్చి నా బల్ల పక్కన బుట్టలో వేశారు. వాటినేం చెయ్యాలో ఎవరికీ తెలియదు. పారేస్తే నేరం, కాలిస్తే ఇంకా పెద్ద నేరం. స్టోరులో పెడదామంటే అవెక్కడి నుంచి వచ్చాయో రాస్తేగాని తీసుకోనని స్టోరు గుమాస్తా తలుపేసుకున్నాడు. ఎదురుగా బోర్డు, కాళ్ళ దగ్గర బుట్టెడు ముద్రలు, రిజిస్టరులో మా అమ్మాయి సంతకం. ఫోనులో చెప్పినవాడు రేపు నేను చెప్పలేదంటే? మేనేజరు నాకు తెలియదంటే? మా అమ్మాయిని జీపెక్కించడం, నేను వెనక పరిగెత్తడం, మధ్యలో నా చెప్పు తెగడం, అన్నీ కళ్ళకి కట్టాయి.

భోజనాల గంట కొట్టాక హాల్లో నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు తట్టింది, ముద్రని తీసేస్తే కదా నేరం! చోటు మారిస్తే?

గుడారం కింది అంచు మూడు మడతలు ఉంటుంది. ఆ మడత మూల కాస్త విప్పి, ముద్ర లోపలికి తోసి, సూదితో నాలుగు టాకాలు వేశాను. బయటికి ఏమీ కనపడలేదు. రేపు ఎవరైనా నిలదీస్తే, "తీసెయ్యలేదు బాబూ, తలుపు మీది నుంచి అంచులోకి మార్చాం, అంతే" అని చెప్పుకోవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను. అన్నిటికీ కుట్టేద్దామనుకున్నాను గాని అప్పటికే చాలావరకు మూటలు కట్టేశారు. పొద్దుగూకేలోపు నా చేతికి అందినవి అరవై రెండు. అవన్నీ ఆరో లారీలోకి ఎక్కాయి. మిగతా ముద్రల మీద పాత పరదా కప్పి బల్ల కిందికి తోశాను.

లారీలు పొద్దున వెళ్ళాయి. మధ్యాహ్నానికల్లా వంతెన దగ్గర ఆపేశారని కబురొచ్చింది. అవతలి తనిఖీవాళ్ళు ఒక గుడారం విప్పి తడిమితే అంచులో గట్టిగా ఏదో తగిలిందట. కోసి చూస్తే మన ముద్ర. ఇంకోటి విప్పితే అందులోనూ. ఇంకా ఏమేం దాచారో అని ఆరు లారీలనీ వెనక్కి తోలారు. వంతెనకి ఇవతల వరసగా నిలబెట్టారు.

నీళ్ళ పంపు దగ్గర చేతులు కడుక్కుంటుంటే మా అమ్మాయి వచ్చింది. అరచేతిలో వంతెన దగ్గర నుంచి వచ్చిన ఒక ముద్ర గుడ్డ, దానికి వేలాడుతూ దారం ముక్క.

"ఇది మిషను కుట్టు కాదు" అంది. "చేతి టాకా. ఎడమచేతివాటం. వాలు చూడు."

నేను పంపు ఇంకాస్త తిప్పాను.

"నువ్వేనా అమ్మా?"

"నాకేం తెలుసే? ఊళ్ళో ఎడమచేతివాళ్ళు నేనొక్కదాన్నేనా?"

ఆమె నన్ను చూసింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి మందు చేదుగా ఉండదని నేను అబద్ధం చెప్పి తాగించినప్పుడు చూసినట్టే చూసింది. పంపు కట్టేసి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాతో మాట మానేసింది. పిలిస్తే వచ్చేది, పెడితే తినేది. నోరు మాత్రం విప్పేది కాదు. పోట్లాడినా బాగుండేది. గోడతో కాపురం చేసినట్టుండేది.

ఇది చాలదన్నట్టు మర్నాడు పేపరులో మా అమ్మాయి ఫొటో వేశారు. 'శత్రుగడ్డ మీదికి రాజముద్ర, కార్మికురాలి దేశభక్తి' అట. రిజిస్టరులో సంతకం ఆమెదే కాబట్టి కుట్టించిందీ ఆమేనని వాళ్ళే తేల్చుకున్నారు. పాలావిడ వచ్చి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఊపేసింది. విప్పనని పక్కకి నిలబడ్డ ఎనిమిదిమందీ వచ్చి, "ఇదా నీ ప్లాను, మాకు చెప్పొద్దూ!" అని ముద్దులాడారు. నిజం చెప్పాలంటే ఒక గంటసేపు నా ప్రాణం హాయిగా ఉంది. ఇంకెక్కడి జైలు, ఇంకెక్కడి జీపు అనుకున్నాను.

మధ్యాహ్నం వార్డు నాయకుడు సన్మానపత్రం పట్టుకుని, వెనక ఇరవైమందిని వేసుకుని కర్మాగారానికే వచ్చాడు.

"నేను కుట్టలేదండీ. కుట్టించనూ లేదు" అంది మా అమ్మాయి.

"వినయం చూశారా!" అన్నాడాయన. అందరూ చప్పట్లు.

"వినయం కాదు. ఆ పని వల్ల అక్కడ మూడు వందల ఇళ్ళవాళ్ళు వానలో ఉన్నారు."

"శత్రువు మీద కూడా జాలి! ఎంత పెద్ద మనసు!" మళ్ళీ చప్పట్లు. "పోనీ కుట్టినవాళ్ళెవరో చెప్పమ్మా, వాళ్ళకీ ఒక పత్రం ఇచ్చేద్దాం."

మా అమ్మాయి నా వైపు చూసింది. అంతమందిలో సరాసరి నన్నే. నేను కత్తెర తీసుకుని లేని దారాన్ని కత్తిరించాను. ఆమె పత్రాన్ని బల్ల మీద బోర్లా పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు రేడియో కట్టేద్దామన్నా చెయ్యి రాలేదు. అవతల చలివాన పట్టుకుంది. కూలిన బడి ముందు ఒక బస్సులో పదకొండు కుటుంబాలు ఉంటున్నాయట. అందులో ఒకామె ఆ పొద్దున సీట్ల మధ్యే ప్రసవించిందట. బిడ్డ ఆడో మగో కూడా చెప్పలేదు ఆ రేడియోవాడు. బతికిందో లేదో అంతకన్నా చెప్పలేదు. వెంటనే పాట వేశాడు. నాకు వాడి గొంతు నొక్కాలనిపించింది. కాసేపయ్యాక, నొక్కాల్సిన గొంతు వాడిది కాదని కూడా తెలిసింది.

తెల్లారి లేచేసరికి మా అమ్మాయి ఇంట్లో లేదు. కర్మాగారానికి వెళ్తే అక్కడా లేదు. గేటు దగ్గర మా మరిది గొడుగు దులుపుతున్నాడు.

"వంతెన దగ్గర ఉంది వదినా. నిన్న కూడా షిఫ్టు కాగానే వెళ్ళింది. క్షమించమని తన పేరు మీద ఉత్తరం రాసుకెళ్ళిందట. వాళ్ళు తీసుకోలేదు. ఎవరు దాచారో, ఎన్నిట్లో దాచారో తేలేదాకా ఒక్క మూట కూడా దాటనివ్వమంటున్నారు. ఎన్నో మనమ్మాయికి తెలిస్తే కదా చెప్పడానికి!"

"మనవాళ్ళు ఏమంటున్నారు?"

"మన అధికారా? ఎవరి పేరూ చెప్పొద్దంటున్నాడు. చెబితే తప్పు ఒప్పుకున్నట్టట, దేశం పరువు పోతుందట." అతను గొడుగు మూశాడు. "నాకు రెండు వేళ్ళు లేవుగాని రెండు కళ్ళున్నాయి వదినా. నా చొక్కాలకి బొత్తాలు ఇన్నేళ్ళుగా కుట్టేదెవరు?"

గేటు పట్టుకుని నిలబడ్డాను. "పేపరువాళ్ళు మెచ్చుకుంటున్నారు. ఇప్పుడు నేను పోయి నోరు విప్పితే ఈ ఊళ్ళో మనల్ని బతకనిస్తారా?"

"ఏమో. నన్నడిగితే దేశం కోసం చేశానని చెప్పు. ఇవతలివాళ్ళు నిన్నేమీ అనరు."

"నీకు వాళ్ళ మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? చచ్చేదాకా ఉంటుంది. ఈ వేళ్ళు ఈ ఒడ్డు కోసం పోయాయి. అందుకని ఆ ఒడ్డున పిల్లలు తడవాలని నేనెక్కడా సంతకం పెట్టలేదు. పద, బస్సొస్తోంది."

వంతెన దగ్గర ఆడపోలీసు నా నడుము తడిమి కత్తెర తీసుకుంది, బ్లేడు తీసుకుంది, పమిటకి గుచ్చిన పిన్నీసు కూడా తీసుకుంది. వంతెన మధ్యలో రేకు కప్పు కింద ఒక బల్ల ఉంది. బల్లకి ఇటుపక్క మన అధికారి, ఇస్త్రీ కోటు. అటుపక్క వాళ్ళ అధికారి. మోకాళ్ళదాకా బురద, వారం నాటి గడ్డం, కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆయన వెనక ఇద్దరు మనుషులు కమ్మీకి ఆనుకుని నిలబడే నిద్రపోతున్నారు. మా అమ్మాయి ఒక పక్కగా కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ముఖం ఏటివైపు తిప్పుకుంది.

ఏం మాట్లాడాలో బస్సులో వల్లె వేసుకున్నాను. ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"ముద్రలు దాచింది నేనండీ" అన్నాను.

మన అధికారి చటుక్కున లేచాడు. "అమ్మా, మీరు మాట్లాడకండి. ఈమె దేశం మీద అభిమానంతో..."

"అభిమానం కాదండీ."

"అమ్మా!"

"అభిమానమైతే అందరూ చూసేచోట కుట్టేదాన్ని. దాచానంటే భయమే కదా! విప్పమన్నవాళ్ళు కాగితం ఇవ్వలేదు. సంతకం మా అమ్మాయి చేత పెట్టించారు. రేపు దాన్ని పట్టుకుపోతారేమోనని కుట్టాను. దేశం గురించి ఆ పూట నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అవతల ఉన్నవాళ్ళ గురించీ ఆలోచించలేదు." ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. "అరవై రెండు. అన్నీ ఆరో లారీలోనే ఉన్నాయి. కింది అంచు, ఎడమ మూల, మూడో మడత. మిగతా అయిదు లారీల్లో గుడ్డా తాడూ తప్ప ఏమీ లేదు. దాచింది నేనొక్కదాన్నే. మా అమ్మాయి అడిగితే నేను కాదని అబద్ధం చెప్పాను. దానికేమీ తెలియదు."

"వదినా" అన్నాడు మా మరిది వెనక నుంచి, నెమ్మదిగా.

మన అధికారి నుదురు పట్టుకున్నాడు. "ఈమె వాంగ్మూలం మా ప్రభుత్వ అభిప్రాయం కాదని రాసుకోండి" అన్నాడు. వాళ్ళ అధికారి ఏమీ రాసుకోలేదు. నన్నే చూస్తున్నాడు. ఆయన ఏమంటాడా అని నేను ఆయన నోటివైపే చూస్తున్నాను. తిడతాడనుకున్నాను, పోలీసుని పిలుస్తాడనుకున్నాను, మా అమ్మాయి పేరడుగుతాడేమోనని అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డాను.

ఆయన కళ్ళు గట్టిగా నులుముకున్నాడు. "అయిదు లారీలు పోనివ్వండి" అన్నాడు వెనకవాళ్ళతో. నిద్రపోతున్న ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు. తరువాత నాతో, "ఆరోది కూడా ఈ పూటే కావాలి. విప్పి ఇస్తే తీసుకుంటా. విప్పడానికి మీ దగ్గర ఏముంది? మా దగ్గర పారలు తప్ప ఏమీ లేవు" అన్నాడు.

నేను నడుము తడుముకున్నాను. మన అధికారివైపు చూశాను. "నా కత్తెర మీ గేటులో ఉందండీ. ఇప్పిస్తే..."

"వంతెన మీదికి పదునైన వస్తువు రావాలంటే పైనుంచి అనుమతి కావాలమ్మా."

"అడగండి మరి."

"రాతపూర్వకంగా అడగాలి. రేపు పన్నెండుకి చెబుతారు."

నాకు ఆ బల్ల ఎత్తి ఏట్లో పడేయాలనిపించింది. కాగితం లేకుండా ముద్రలు విప్పించారు. ఇప్పుడు కాగితం లేకపోతే కత్తెర ఇవ్వరట! అటు చూస్తే పారలు, ఇటు చూస్తే ఇస్త్రీ కోటు. చేతులు రెండూ ఖాళీగా పెట్టుకుని నిలబడ్డాను. మొదటి లారీ మమ్మల్ని దాటుకుంటూ అవతలికి వెళ్ళింది. రెండోది వెళ్ళింది. వంతెన కమ్మీలు వణికాయి. ఆయన ఇంకా నా జవాబు కోసమే చూస్తున్నాడు.

"టాకాలే కదా" అంది మా అమ్మాయి.

రెండు రోజులుగా నాతో మాట్లాడని ఆ గొంతు బొంగురుపోయి ఉంది. కమ్మీ వదిలేసి వచ్చి నా పక్కన నిలబడింది. నావైపు చూడలేదు, ఆయనతోనే చెప్పింది.

"మా అమ్మకి పళ్ళున్నాయి. నాకూ ఉన్నాయి. ఆరో లారీ తలుపు తియ్యండి."